మేకల్ని తిట్టే భాష

1974 ఎండాకాలంలో ఒక ఆదివారం, ఆరాధన ముగిశాక పాస్టరయ్యగారు ఇశ్రాయేలునూ రాహేలునూ ఆపి, టాంజానియా పోవడానికి సంఘం వాళ్ల పేర్లే ఖాయం చేసిందని చెప్పారు. ఆ దేశంలో సముద్రానికి చాలా దూరంగా లోపలెక్కడో ఒక పల్లె, అందులో ఒక బడి. అక్కడి సంఘానికి ఇద్దరు టీచర్లు కావాలి. వర్షాలు వెళ్లాక బొంబాయిలో ఓడ ఎక్కాలి.

ఇశ్రాయేలు గౌలిపుర దగ్గర మిషన్ బడిలో లెక్కల మాస్టరు. రాహేలు అదే బడిలో ఒకటో తరగతి టీచరు. వాళ్లకు పదేళ్ల కూతురు సుశీల. వార్త గల్లీలో పాకడానికి ఒక పూట పట్టింది. పాముల గురించి, సింహాల గురించి, చలిజ్వరాల గురించి అందరూ అడిగారు. రాహేలు వాటికేం భయపడలేదు. పాస్టరయ్యగారు చివర్లో మామూలుగా అన్న మాట ఒకటి ఆమెను పట్టుకుంది. అక్కడ చిన్న తరగతుల్లో పాఠాలు ఇంగ్లీషులో కాదు, స్వాహిలి అనే భాషలో చెబుతారట.

"గంత ఫికర్ దేనికి?" అన్నాడు ఇశ్రాయేలు ఆ రాత్రి అన్నం తింటూ. "బోర్డు మీద రెండు రెండ్లు రాస్తే ఏ దేశం పిల్లగాడైనా నాలుగే అంటడు."

"మీ పిల్లలు మీసాలొచ్చేటోళ్లు. నా పిల్లలు ముక్కు కారేటోళ్లు. వాళ్లకు బోర్డుతోటి ఏం పని? మాట గావాలె."

మిషన్ వాళ్లు ఒక పల్చటి వ్యాకరణం పుస్తకం ఇచ్చారు. ఇంగ్లీషువాడెవరో రాసింది. ముగ్గురూ సాయంత్రాలు దాని ముందు కూర్చునేవారు. మాటలకు అర్థాలైతే ఉన్నాయి కానీ వాటిని ఎలా పలకాలో ఎవరికి తెలుసు? ఇశ్రాయేలు ఒక రకంగా చదివేవాడు, రాహేలు ఇంకో రకంగా. సుశీల ఇద్దరినీ చూసి నవ్వేది.

పాలుపోసే సాయిలు ఒక పొద్దున గుమ్మం ముందు చెంబు నింపుతూ ఉన్నట్టుండి అన్నాడు.

"టీచరమ్మా, నిన్న బర్రెను సూద్దామని బార్కస్ పోయిన. ఆడ ఒక ముసలామె మేకల్ని తిడుతున్నది. ఏ భాషల తిడుతున్నదో ఆమెకూ మేకలకే ఎరుక. అరబ్బీ గాదంట, ఉర్దూ గాదు. 'తోకా, తోకా' అని ఒకటే లొల్లి. మేక తోకకు ఏమైందో అని నేను వంగి సూసిన. మంచిగనే ఉన్నది!"

సుశీల గభాలున లేచిపోయి పుస్తకం తెచ్చింది. పేజీలు తిప్పింది. "అమ్మా, తోకా అంటే బయటికి పో అని!"

రాహేలు చెంబు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ శనివారం తల్లీకూతుళ్లు బస్సెక్కి, ఊరి చివర అరబ్బులుండే బార్కస్‌లో దిగారు. జామకాయల బండ్లు, గళ్ల లుంగీలు కట్టుకుని అరుగుల మీద కూర్చున్న ముసలాళ్లు. మేకలున్న ముసలామె అంటే ఒకాయన చేయి చూపించి, "జువేనా బీ ఇల్లు. జర సంభాల్‌కే పోండి, తిడతది" అన్నాడు.

జువేనా బీకి అరవై దగ్గరుంటాయి. పొడుగ్గా, ఎముకలు కనిపించేలా ఉంది. ఆమె మాట సగం దక్ఖనీ, సగం తెలుగు. రాహేలు తామెవరో, ఎక్కడికి పోతున్నారో చెప్పి, ఆ భాష మీకు వచ్చని విన్నామంది.

"ఎవరు చెప్పిన్రు? మేకలా?"

"పాలాయన, ఖాలా."

"నాకేం రాదు. మర్చిపోయిన. జావో."

రాహేలు వెనక్కి తిరగబోయింది. ఇంతలో ఆమె భుజానికున్న సంచీలో ఒక మేక మూతి పెట్టి వ్యాకరణం పుస్తకాన్ని లాగేసింది. సుశీల పట్టుకునేలోపు అట్ట పోయింది, దాని వెంట కొన్ని పేజీలూ పోయాయి. జువేనా బీ చెప్పు తీసి మేక వెంటపడింది. ఆమె నోట్లోంచి మాటలు గంపలోంచి గింజలు ఒలికినట్టు వచ్చాయి. "వేవే! తోకా! షెతానీ వేవే!"

"వేవే అంటే నువ్వు అనే గద ఖాలా?" అంది రాహేలు.

ఆ ముసలామె చెప్పు చేతిలో పట్టుకునే తిరిగి చూసింది. ఎవరో చీకట్లో పేరు పెట్టి పిలిచినట్టుంది ఆమె ముఖం. తర్వాత మేక నోట్లో మిగిలిన కాగితాన్ని లాగి పారేసింది.

"మల్లా శనివారం రా. కితాబు తేకు."

"కితాబు ఏడున్నది, మీ మేక తినె."

"మంచిగైంది" అంది జువేనా బీ.

అట్లా పాఠాలు మొదలయ్యాయి. పాఠాలంటే పాఠాలేం కావు. జువేనా బీకి మొదట తిట్లే గుర్తొచ్చేవి. నోరు మూసుకో, కూర్చో, ఇటు రా, అది ముట్టకు. పదేళ్లుగా ఆమె ఆ భాషలో మాట్లాడింది మేకలతోనే మరి. ఇంటికొచ్చి రాహేలు అవే వల్లించేది. ఒక సాయంత్రం ఇశ్రాయేలు గడపలో అడుగు పెట్టేసరికి లోపల్నుంచి "న్యామజా!" అని అరుపు వినిపించి, చెప్పులు విప్పకుండా ఆగిపోయాడు.

"ఏమైంది? ఎవర్ని కొడుతున్నవ్?"

"నోరు మూసుకో అంటున్న. మిమ్మల్ని గాదు, పాఠం."

తిట్లు అయిపోయాక వస్తువులు వచ్చాయి. అప్పుడు మొదలైంది అసలు వింత. జువేనా బీ పుస్తకాన్ని కితాబు అంది. అది వీళ్లకు తెలిసిందే, ఉర్దూ మాట. కాదు, స్వాహిలిలోనూ అదేనంది ఆమె. సబ్బు సబూని. లోకం దునియా. అంగడి దుకా. వేళ వకాతి. చాయ్ చాయే. ఒక్కో మాట విన్నప్పుడల్లా రాహేలుకు తెలియని ఊళ్లో తెలిసినవాళ్లు ఎదురైనట్టుండేది. లెక్కలను 'హెసాబు' అంటారని చెప్పినరోజు ఇశ్రాయేలు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "హిసాబు! మన బేగంబజార్ సేట్లు అనేదే గద! ఇగ నాకు భాష వచ్చినట్టే."

"ఇదెట్లయింది ఖాలా? గంత దూరం దేశంల మన మాటలు ఎట్లున్నయ్?" అని అడిగింది రాహేలు.

"ఓడలు" అంది జువేనా బీ. "మా నాయిన లవంగాలు అమ్మేది. గాలి మారితే అటు, మల్లా మారితే ఇటు. మనిషి పోయినంక మాట ఆగుతదా?"

చుట్టాల వరసల దగ్గర మాత్రం అంతా తలకిందులైంది. అక్కడ మామ అంటే తల్లి. కాకా అంటే అన్న. దాదా అంటే అక్క. బాబు అంటే తాత. సుశీల కడుపు పట్టుకుని నవ్వింది. "అయితె ఆడ బాబూ అని పిలిస్తె ముసలాయన పలుకుతడా?" జువేనా బీ కూడా నవ్వింది. ఆమె పళ్లు కనిపించడం వాళ్లు అదే మొదటిసారి చూశారు.

సంఘంలో కొందరికి ఈ ప్రయాణాలు నచ్చలేదు. పెద్దల్లో ఒకడైన ప్రకాశం రైల్వేలో గుమాస్తా. ఒక ఆదివారం గుడి మెట్ల మీద రాహేలును ఆపాడు.

"ఏందమ్మా, వారం వారం బార్కస్ పోతున్నవంట. మనం పోయేది నేర్పనీకా, నేర్చుకోనీకా?"

"నేర్చుకోకుండ ఏం నేర్పుతమయ్యా?" అంది రాహేలు. ఆయన ఇంకేదో అనబోయి, వందనాలు చెప్పి వెళ్లిపోయాడు.

ఒక శనివారం సుశీలకు ఒళ్లు వెచ్చబడితే రాహేలు ఒంటరిగా వెళ్లింది. జువేనా బీ చేటలో జొన్నలు చెరుగుతోంది. రాహేలు చాలారోజుల నుంచి మనసులో ఉన్నది అడిగింది.

"ఖాలా, మేకలతోనే ఎందుకు మాట్లాడుతరు గా భాష?"

చేట ఆగింది. "ఈడికి వచ్చిన కొత్తల నా మరిది పిల్లలు నేను మాట్లాడితె నవ్వేది. మేకలు నవ్వవు."

"గంతేనా?"

జువేనా బీ జొన్నల్లోంచి ఒక రాయి ఏరి పక్కన పెట్టింది. "మాది జాంజిబార్, మీరు పోయే దేశం ఒడ్డున దీవి. పదేండ్ల కింద అరబ్బుల మీద గడబిడ అయిన ఏడాది మా దుకాణానికి అగ్గి పెట్టినోడు రోజూ మా దగ్గర చాయ్‌పత్తా కొనేటోడు. పేరు పెట్టి పిలిచెటోడు నన్ను. నన్నూ నా కొడుకునూ చేపల వలల కింద దాచిపెట్టిన ఆడమనిషి కూడ మా గల్లీదే. ఆయన ఇంకా రాలేదేందని చూసిన... రాలేదు. మా ఆయన." ఆమె మళ్లీ చేట ఊపింది. "వాడు మాట్లాడింది గా భాషే. ఆమె మాట్లాడింది గా భాషే. నోరు తెరిస్తె ఇద్దరూ వస్తరు బేటీ. ఒక్కర్నే పిలుద్దమంటే కుదరదు."

రాహేలు కూడా చేట అంచు పట్టుకుని రాళ్లు ఏరసాగింది.

అప్పుడే ఆమె కొడుకు సాలెం లోపలికి వచ్చాడు. పాతికేళ్లవాడు, చాంద్రాయణగుట్టలో మోటారు మెకానిక్. చేతులకు గ్రీజు. రాహేలును ఎన్నిసార్లు చూసినా సలాం చెప్పి తప్పుకునేవాడు. ఆ రోజు తప్పుకోలేదు.

"ఆపా, బురా మానుకోవద్దు. మీరు ఆడ క్రిస్టియన్లను చెయ్యనీకి పోతున్నరు. దానికి మా అమ్మీ మదత్ ఎందుకు చెయ్యాలె? పైగా మీరు వచ్చి పోయిన రాత్రి ఆమెకు నిద్ర పట్టది. నేను చూస్తున్న."

రాహేలు లేచి నిలబడింది. అబద్ధం చెబితే గొడవ సులువుగా తీరిపోతుంది. కానీ ఆమెకు ఆ ఇంట్లో అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"తమ్మీ, నేను పోయేది బడికి. అక్షరాలు, లెక్కలు, చేతులు కడుక్కునుడు, ఇవే నా పని. నా ప్రార్థన నేను చేసుకుంట, అది దాచిపెట్ట. ఎవరైనా అడిగితె చెప్త. ఇంతకన్న నా తాన ఏం లేదు. అమ్మీకి నిద్ర లేదంటే మాత్రం నేను రాను."

"మర్చిపోయిన భాష మల్లా ఎందుకు తవ్వుడు? నేను అంతా మర్చిపోయిన. మంచిగున్న" అన్నాడు సాలెం.

"నా నోటికి నువ్వు తాళమేస్తవా బేటా?" అంది జువేనా బీ. గొంతు పెంచలేదు. "నిద్ర పట్టట్లేదు. సచ్. పడుకుంటె మాటలు గుర్తొస్తున్నయ్. మా అమ్మ మాటలు, పొయ్యి కాడ మాటలు. పదేండ్లల ఒక్కటి గుర్తు రాలె. ఇప్పుడు వస్తుంటె లేచి కూసుంటున్న, మల్లా పోతయేమోనని." ఆమె రాహేలు వైపు తిరిగింది. "కూసో. బడికి వచ్చిన పిల్ల ఏడిస్తె ఏమంటవ్, చెప్పు."

రాహేలుకు తెలియదు. ఆ మాట పుస్తకంలోనూ లేదు.

"న్జో, మ్వనంగు, ఉసిలియే" అంది జువేనా బీ. "ఇటు రా నా బిడ్డా, ఏడ్వకు. ముందు న్జో అనాలె. చెయ్యి గిట్ల చాపాలె. చాపకుంట చెప్తె ఏ పిల్ల రాదు."

రాహేలు చేయి చాపి అంది. మళ్లీ అనమంది ఆమె. మళ్లీ అంది. సాలెం గుమ్మంలో కాసేపు నిలబడి, చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్లిపోయాడు.

వర్షాలు తగ్గుముఖం పట్టాయి. మిషన్ పెద్దలకు వీళ్ల భాష ఏ మాత్రం వచ్చిందో చూడాలనిపించింది. యూనివర్సిటీలో చదువుకుంటున్న ఒక టాంజానియా కుర్రవాణ్ణి పాస్టరయ్యగారింటికి పిలిపించారు. పేరు యోనా. "మన బైబిల్ల పేరే గద" అని సుశీల తల్లి చెవిలో గుసగుసలాడింది.

ఇశ్రాయేలు ముందు మాట్లాడాడు. అంకెలు తప్పు లేకుండా చెప్పాడు, మిగతాది తడబడుతూ నెట్టుకొచ్చాడు. యోనా ఓపిగ్గా విన్నాడు. తర్వాత రాహేలు వంతు వచ్చింది. ఆమె నమస్కారం చెప్పి, తిన్నావా నాయనా, ఇంత సన్నగా ఉన్నావేంటి, నీకు వండిపెట్టేవాళ్లెవరూ లేరా అని జువేనా బీ తనను అడిగే వరసలోనే అడిగింది. యోనా కళ్లు పెద్దవి చేసుకుని చూసి, పకపకా నవ్వేశాడు.

"తప్పు మాట్లాడిందా?" అన్నారు పాస్టరయ్యగారు కంగారుగా.

"లేదు, లేదు" అన్నాడు యోనా ఇంగ్లీషులో. "ఈమె సముద్రం ఒడ్డున ఉండే ముసలమ్మలా మాట్లాడుతోంది. మా వయసువాళ్లకు ఇంత మంచి భాష రాదు. ఎవరు నేర్పారు?"

రాహేలు చెప్పింది. అతను ఆమెను చూడొచ్చా అని అడిగాడు. ఈ దేశం వచ్చాక పెద్దవాళ్ల నోట తన భాష వినలేదన్నాడు.

రాహేలు వెంటనే సరే అనలేదు. ఆ శనివారం జువేనా బీని అడిగింది. ఆ దేశం కుర్రవాడొకడు వచ్చి దండం పెట్టుకుని పోతానంటున్నాడు, తీసుకురానా అని. జువేనా బీ మేకలకు ఆకు వేసింది. నీళ్లు పెట్టింది. చివరికి వీపు తిప్పుకునే అడిగింది.

"ఏ ఊరోడు?"

"లోపలి ఊరంట. మీ దీవి కాదు."

"వయసు?"

"మన సాలెం కన్న చిన్నోడు."

"తీసుకురా."

యోనాను తీసుకెళ్లిన రోజు సాలెం ఇంట్లోనే ఉన్నాడు. పనికి పోలేదు. ప్రహరీకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జువేనా బీ పరదా వెనక ఉంది. యోనా గుమ్మం బయటే ఆగి, తల కొంచెం వంచి, "హోడీ" అన్నాడు. ఎవరింటికైనా వెళ్లినప్పుడు లోపలికి రావచ్చా అని అడిగే మాట అది.

లోపల చప్పుడు లేదు. మేక ఒకటి దగ్గింది. ఈ పిల్లవాణ్ణి తెచ్చి తప్పు చేశానా అనుకుంది రాహేలు.

"హోడీ" అన్నాడు యోనా మళ్లీ, ఇంకా మెల్లగా.

పరదా కదిలింది. "కరీబు" అంది జువేనా బీ, రమ్మని.

అతను లోపలికి వచ్చి, పెద్దవాళ్లకు చెప్పే మర్యాదతో "షికమో" అన్నాడు. ఆమె పరదా పక్కకు జరిపి అతని ముఖం చూసింది. అట్లా ఎంతసేపు చూసిందో. "మరహబా" అని చివరికి ఆ మర్యాదను అందుకుంది. ఆ మాట అన్నాక ఆమె చాప మీద కూలబడింది. యోనా కూడా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

తర్వాత ఏం మాట్లాడుకున్నారో రాహేలుకు సరిగ్గా అర్థం కాలేదు. తనకు భాష వచ్చేసిందనుకుంది ఇన్నాళ్లూ. ఇప్పుడు వాళ్ల మాటలు పారే నీళ్లలా పోతుంటే, అక్కడక్కడ తేలే ఆకుల్లా ఒక్కో మాట అందుతోంది. కొబ్బరి. అమ్మ. గాలి. పడవ. జువేనా బీ ఒకసారి ఏడ్చింది. ఇంకోసారి అతని చొక్కా గుండీ ఊడిందని తిట్టింది. అది మాత్రం రాహేలుకు పూర్తిగా అర్థమైంది.

చాయ్ తాగుతూ యోనా ఏదో కథ చెప్పాడు. గాడిద గురించి, పాస్టరు గురించి అనిపించింది. కథ చివరి మాట అన్నాడో లేదో, ప్రహరీ దగ్గర్నుంచి పెద్ద నవ్వు వినిపించింది. అందరూ అటు చూశారు. సాలెం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అప్పటికి ఎవరూ ఆ కథను ఉర్దూలో చెప్పలేదు.

"మర్చిపోయినవంటివి గద?" అంది జువేనా బీ.

సాలెం ముఖం ఎర్రబడింది. తర్వాత వచ్చి యోనా పక్కన కూర్చుని, గొంతు సవరించుకుని, స్వాహిలిలో ఏదో అడిగాడు. మాట మాటకూ ఆగుతూ, పదిహేనేళ్ల పిల్లవాడి భాషలా. అతను అడిగింది రాహేలుకు తెలిసింది. ఆ గాడిద తర్వాత ఏమైంది అని.

సెలవు తీసుకునే రోజు జువేనా బీ పెద్ద మాటలేం చెప్పలేదు. రాహేలు తల మీద చేయి పెట్టి, సముద్రం మీద వాంతులైతే నిమ్మకాయ వాసన చూడమంది. యోనా మాత్రం ఆ మొదటి రోజు తర్వాత కూడా శుక్రవారాలు బార్కస్ పోతున్నాడని వాళ్లు బయలుదేరేముందు సాయిలు చెప్పాడు. సాలెం అతన్ని తన స్కూటరు మీద యూనివర్సిటీ దాకా దింపి వస్తున్నాడట.

బొంబాయి నుంచి ఓడ, ఓడ దిగాక రైలు, రైలు దిగాక లారీ. పల్లె ఎర్రటి మట్టి నేల మీద ఉంది. బడి రెండు గదులు. మొదటి రోజు రాహేలు ఉతికిన చీర కట్టుకుని చిన్నపిల్లల గదిలోకి వెళ్లి, స్వాహిలిలో పలకరించింది. పేర్లు అడిగింది. ఎవరూ పలకలేదు. నెమ్మదిగా మళ్లీ అడిగింది. పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు.

హెడ్‌మాస్టరు తలుపు దగ్గర నిలబడి నవ్వు ఆపుకుంటున్నాడు. "మీరు బాగానే మాట్లాడుతున్నారమ్మా. కానీ వీళ్లకు ఇంట్లో వచ్చింది గోగో భాష ఒక్కటే. స్వాహిలి బడికి వచ్చాకే నేర్చుకుంటారు."

రాహేలు బల్ల మీద కూర్చుండిపోయింది. ముందు ఏడుపు వచ్చినట్టయింది. కానీ నవ్వే వచ్చింది. ఆమె నవ్వుతుంటే పిల్లలూ నవ్వారు, ఎందుకో తెలియకపోయినా.

"ఇప్పుడేం చేస్తవ్?" అన్నాడు ఇశ్రాయేలు సాయంత్రం ఆ సంగతి విని.

ఆమె అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. పక్కింటి ముందు ఒకావిడ వీపున పసిబిడ్డను కట్టుకుని రోట్లో ధాన్యం దంచుతోంది. రాహేలు పోయి ఆమె ఎదురుగా కూర్చుని, రోకలి వైపు వేలు చూపించి, ఏమంటారన్నట్టు కనుబొమలెత్తింది. ఆవిడ దంచడం ఆపి ఒక మాట చెప్పింది. రాహేలు ఆ మాటను తిరిగి అంది. ఆవిడ తల అడ్డంగా ఊపి, ఈసారి పెదాలు చూడమన్నట్టు ముందుకు వంగి, మెల్లగా మళ్లీ చెప్పింది.